సిలిండర్లు కాదు, గంటలు లెక్కపెట్టు

బిడ్డా,

దేవరకొండ దిక్కు దవాఖానలో విపత్తు ఏర్పాట్లన్నీ నీ మీదనే పెట్టిన్రని మీ అమ్మ ఫోన్ చేసింది. సంబురమే అయింది గానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలే.

మాస్కులు, చేతులు కడుగుడు, జ్వరం దగ్గు ఉన్నోళ్లను వేరే కూర్చోబెట్టుడు నీకు చెప్పనక్కర లేదు. నా భయమంతా ఆక్సిజన్ మీదనే.

2021 మే నెల. దవాఖాన పేరు వద్దు. సాయంత్రం ఆరింటికి ‘పెద్ద సిలిండర్లు 40’ అని రిజిస్టర్‌ల రాసిన్రు, కింద సంతకం నాది. నిండు డీ-టైప్‌ల, అంటే ఆ పెద్ద సిలిండర్‌ల, సుమారు 7,000 లీటర్ల ఆక్సిజన్. 30 మందికి నిమిషానికి పది చొప్పున 300 లీటర్లు. అంటే పదిహేను గంటలు, పొద్దున తొమ్మిది దాకా ఫికర్ లేదనుకున్న. ఆ 40ల 14 ఖాళీవి. వార్డులకెళ్లి తెచ్చినోళ్లు నిండువాటి పక్కనే, అదే గోడకు నిలబెట్టిన్రు. చీటీ లేదు. ఖాళీదైనా నిండుదైనా చూపుకు ఒక్కతీరే. పైగా పొద్దుగూకినంక ఇద్దరికి హై ఫ్లో మిషన్లు పెట్టిన్రు, ఒక్కోటి నిమిషానికి 60 లీటర్లు. నాకెవరు చెప్పలే, నేను అడగలే. 26 సిలిండర్లు, నిమిషానికి 420 లీటర్లు. వేసి చూడు, ఏడు గంటలు. రాత్రి ఒంటిగంట.

పైపుల ఒత్తిడి తగ్గితే ముందుగాల తెలిసేది చిట్టచివరి మంచానికి. ఆక్సిజన్ ఎంత పోతున్నదో చూపే ఫ్లోమీటర్‌ల గోళీ మెల్లగ కిందికి దిగుతది, నీళ్ల సీసాల బుడగలు పలచబడతయి. అంబులెన్సులల్లకెళ్లి చిన్న బీ-టైపులు పీకి తెచ్చినం, ఒక్కోదాంట్ల 1,500 లీటర్లే. ఆ రాత్రి సంగతి ఇంతకంటే రాయను.

అందుకే ప్రతి సిలిండర్‌కు చీటీ కట్టించు: నిండు, వాడకం, ఖాళీ. ఖాళీవి వేరే అర్రల పెట్టించు. ఒత్తిడి చూపే గేజీ పెట్టకుండా నిండు అని రాయనియ్యకు, 150 చూపాల్సిన చోట 75 ఉంటే సగమే. రిజిస్టర్‌ల సంఖ్య పక్కనే ‘ఎన్ని గంటలు’ అని గీత కొట్టించు, కొత్త మిషన్ పెట్టినప్పుడల్లా మళ్ల లెక్క కట్టాలె. మనిషి బాత్రూంకు పోతే ఫ్లోమీటర్ కట్టెయ్యాలె. రక్తంల ఆక్సిజన్ 92 నుంచి 96 శాతం చాలు, 100 కోసం పెంచుకుంట పోవద్దు. నల్లటి ఒంటి మీద, ఆ శాతం చూపే పల్స్ ఆక్సీమీటర్ ఉన్నదానికంటే ఎక్కువ చూపొచ్చు. మన తండాలోళ్లు ఎండల పనిచేసినోళ్లు, ఊపిరి ఎన్నిసార్లు తీస్తున్నరో కూడ లెక్కపెట్టు. వాల్వుకు నూనె, గ్రీజు తగలనియ్యకు, అంటుకుంటది.

ఆక్సిజన్ ప్లాంటు ఉన్నదని ధీమా పడకు. కరెంటు పోతే అది ఆగుతది. జనరేటర్‌ను వారానికోసారి ప్లాంటు లోడ్ మీద నడిపించు, ఉత్తగ తిప్పితే తెల్వదు.

ఇంకోటి, దీనికి నీ మీద కోపం చేసైనా చెప్త. 2020 లాక్‌డౌన్‌ల అందరు కరోనా మంచాలు చూసిన్రు గానీ, బస్సు లేక డయాలసిస్‌కు రానోళ్లను లెక్కపెట్టినోళ్లు తక్కువ. వారానికి రెండు మూడు సార్లు రావాల్సిన మనిషి ఒక వారం ఆగితే ఒంట్ల నీరు నిండుతది, పొటాషియం పెరిగి గుండె ఆగొచ్చు. డయాలసిస్, టీబీ, తొమ్మిదో నెల గర్భిణులు: ఊరు, ఫోన్ నంబర్, ఎవరి ఆటోల వస్తరో ఇప్పుడే రాసిపెట్టు. టీబీ మందులు నెలకు సరిపడ చేతికియ్యి. ముంగారు విత్తనాలప్పుడు పాముకాటు కేసులొస్తయి, ఒక్కరికే విషం విరుగుడు మందు మొదటి మోతాదు 8 నుంచి 10 వయల్స్. ఆ మందు పెట్టిన ఫ్రిజ్‌ను కరోనా వార్డు లోపల బందీ చెయ్యనియ్యకు.

నువ్వు చిన్నప్పుడు లెక్కలంటే ఏడ్చేదానివి, యాదికుందా? సిలిండర్ల పేజీ ఫోటో తీసి వారం వారం నాకు పంపు, కూడి చూస్త. టైముకు తిను. వాల్వు తిప్పే స్పానర్‌ను గొలుసుతో గోడకు కట్టిచ్చినవా లేదా, ముందుగాల అది చెప్పు.

మీ పెద్దమ్మ