సముద్రపు గాజుకు బెజ్జం వేస్తుంటే వెనకవైపు పెచ్చులూడితే

అలలకు అరిగి ఒడ్డుకు కొట్టుకొచ్చిన గాజు ముక్కలతో తాబేలు లాకెట్ చేస్తున్నానని, బెజ్జం వేస్తుంటే వెనకవైపు పెచ్చులూడుతున్నాయని, పక్కన నల్ల పగడం పెట్టాలనుకుంటున్నానని మీరు రాశారు. తప్పు డ్రిల్ బిట్‌ది కాకపోవచ్చు, ఆఖరి మిల్లీమీటరులో పడే ఒత్తిడిది. తాబేలు లాకెట్ కోసం తీసుకున్న మూడు గాజు ముక్కలూ బిట్ అవతలికి దిగే క్షణంలోనే పెచ్చులూడాయని రాశారుగా, గుర్తు అదే. గాజు బాగా పలచబడ్డాక బిట్ దాన్ని అరగదీయదు, తోసేస్తుంది.

1. వజ్రపు పొడి పూత ఉన్న బిట్ వాడండి, 1.5 నుంచి 2 మి.మీ.

2. పళ్లెంలో చెక్క ముక్క, దాని మీద గాజు, గాజు మునిగేదాకా నీళ్లు. వేడి తగ్గుతుంది, గాజు పొడి గాల్లోకి లేవదు. నీళ్ల దగ్గర పని కాబట్టి బ్యాటరీ డ్రిల్ అయితేనే మంచిది.

3. బిట్‌ను కాస్త వాల్చి మొదలుపెట్టండి. చిన్న గంటు పడ్డాక నిలబెట్టండి. తక్కువ వేగం, తేలిక చెయ్యి.

4. చాలామంది వదిలేసేది ఇదే: సగం దాటగానే ఆపి, ముక్కను తిప్పండి. వెలుతురుకు పట్టుకుంటే మొదటి గుంత కనిపిస్తుంది, దానికి ఎదురుగా గుర్తు పెట్టి రెండోవైపు నుంచి కలపండి. రెండు గుంతలూ గాజు మధ్యలో కలుస్తాయి కాబట్టి పెచ్చు ఊడే అంచే ఉండదు. కొద్దిగా పక్కకు పోయినా కంగారు పడకండి, బిట్‌ను మెల్లగా ఆడిస్తే సర్దుకుంటుంది. తొందరపడి నేనూ ఈ అడుగు ఎగ్గొట్టి రెండు మంచి నీలం ముక్కలు పోగొట్టుకున్నాను.

ఇక పక్కన నల్ల పగడం పెట్టాలన్న ఆలోచన మానుకోండి. పారేసిన గాజుతో తాబేలు చేసి, పక్కన సముద్ర జీవి అయిన పగడాన్ని వేలాడదీస్తే ఎలా? పైగా నల్ల పగడాలన్నీ సైటిస్ (ముప్పున్న జంతువులు, మొక్కల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) రెండో అనుబంధంలో ఉన్నాయి, అనుమతి పత్రాలు లేకుండా దేశం దాటించకూడదు. నల్లబరిచిన రాగి తీగను కొమ్మలుగా మెలితిప్పండి, చూపుకు అలాగే ఉంటుంది.