టెంట్ హౌస్ ఆదాయం సగటున 50 వేలు: 20 వేల సిప్ కట్టవచ్చా?

ప్రశ్న: మాది ములుగు. సొంత టెంట్ హౌస్ ఉంది. 2024లో కూలీలు, డీజిల్, గోదాం కిరాయి పోను 6 లక్షలు మిగిలాయి. అంటే నెలకు సగటున 50 వేలు. ఇంటి ఖర్చు 28 వేలు. మిగిలే 22 వేలల్లో 20 వేలు షేర్లలో పెట్టే ఒక ఈక్విటీ ఫండులో సిప్ (నెలనెలా వాయిదా) కట్టమని తెలిసిన ఏజెంటు అంటున్నాడు. సగటున 14 శాతం వస్తుందట. మేడారం జాతరప్పటి డబ్బులో లక్షన్నర ఇంకా సేవింగ్స్ ఖాతాలో ఉంది, మిగతాది కొత్త కుర్చీలు, కార్పెట్లకు పోయింది. ఆ లక్షన్నర కూడా అదే ఫండులో వేయమంటున్నాడు. మా బాబు పదో తరగతి, జూన్‌లో హనుమకొండలో ఇంటర్‌లో చేర్పించాలి. నెలవారీ లెక్క రాసి పంపుతున్నాను. ఏం చేయమంటారు?

జవాబు: అన్నా, నెలల వారీగా లెక్క పంపి చాలా మంచి పని చేశారు. నా దగ్గరికి వచ్చే వ్యాపారుల్లో ఎక్కువమంది ‘ఓ యాభై దాకా వస్తయి సార్’ అని ఊరుకుంటారు. మీ ఏజెంటు లెక్కలో కూడిక తప్పు లేదు, భాగహారమూ తప్పు లేదు. అయినా ఆ 50 వేలను నమ్ముకుని నెలనెలా వాయిదా ఒప్పుకోవద్దు.

మీరు పంపిన అంకెలు ఇవి: జనవరి 18 వేలు, ఫిబ్రవరి 2,40,000, మార్చి 46 వేలు, ఏప్రిల్ 52, మే 22, జూన్ 12, జులై 10, ఆగస్టు 44, సెప్టెంబరు 38, అక్టోబరు 30, నవంబరు 62, డిసెంబరు 26 వేలు. మొత్తం 6 లక్షలు, పన్నెండుతో భాగిస్తే 50 వేలు. ఇప్పుడు పెన్ను తీసుకుని 50 వేలు దాటిన నెలల కింద గీత గీయండి. ఫిబ్రవరి, ఏప్రిల్, నవంబరు. అంతే. తొమ్మిది నెలలు మీ ‘సగటు’కు కిందే ఉన్నారు.

మీ బాబు గణితం పుస్తకంలో సాంఖ్యక శాస్త్రం అని ఒక పాఠం ఉంటుంది, ఈపాటికి అయిపోయే ఉంటుంది. ఈ పన్నెండు అంకెలూ వాడికిచ్చి మధ్యగతం కట్టమనండి. చిన్న అంకె నుంచి పెద్ద అంకె దాకా వరసలో పెట్టి నడిమి దాన్ని తీసుకోవడమే. పన్నెండు ఉన్నాయి కాబట్టి నడిమివి రెండు, 30 వేలు, 38 వేలు. రెండూ కూడి సగం చేస్తే 34 వేలు. సగం నెలలు దీనికంటే తక్కువ, సగం నెలలు ఎక్కువ. మీ మామూలు నెల ఎలా ఉంటుందో చెప్పేది ఈ 34 వేలే. ఇంటి ఖర్చు పోతే మిగిలేది 22 వేలు కాదు, 6 వేలు.

ఇంత తేడా ఎందుకొచ్చిందో నాకంటే మీకే బాగా తెలుసు. 2024 ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు సమ్మక్క సారలమ్మ జాతర. మీ టెంట్లన్నీ తాడ్వాయి దారి పట్టి ఉంటాయి. ఆ ఒక్క నెల తీసేస్తే మిగతా పదకొండు నెలల సగటు 50 వేల నుంచి 32,700కి పడిపోతుంది. మధ్యగతం మాత్రం 34 నుంచి 30 వేలకే దిగుతుంది. ఒక్క అంకె పోతే సగటు కూలబడింది, మధ్యగతం పెద్దగా కదల్లేదు. జీతగాళ్లకు రెండూ దాదాపు ఒకటే కాబట్టి వాళ్లకు ఈ గొడవ ఉండదు. సీజన్ మీద బతికే వ్యాపారికే ఈ చిక్కు.

ప్రామాణిక విచలనం కూడా కట్టి చూశాను. అంకెలు సగటుకు అటూ ఇటూ ఎంత దూరం చెదిరి ఉన్నాయో చెప్పే కొలత అది. మీ పన్నెండు నెలలకు అది సుమారు 62 వేలు, అంటే సగటు కంటే పెద్దది! జాతర నెల తీసేస్తే 17 వేలు. ‘మూడింట రెండొంతులు సగటుకు ఒక విచలనం లోపలే ఉంటాయి’ అని ఎవరైనా చెప్తే మీ లెక్కకు దాన్ని అంటగట్టకండి. 50లోంచి 62 తీస్తే మైనస్ 12 వేలు. జులైలో కూడా మీకు అంత అధ్వానం కాలేదు కదా. ఆ సూత్రం సగటుకు రెండు వైపులా సమానంగా ఒదిగే అంకెలకు చెల్లుతుంది. మీవి ఒక పక్కకే సాగిన అంకెలు.

అలాగని ఫిబ్రవరిని లెక్కలోంచి కొట్టేయమని కాదు. రాసేటప్పుడు సున్నా ఎక్కువ పడిందంటే కొట్టేయాలి. ఇది కష్టపడి సంపాదించిన నిజమైన డబ్బు, పైగా రెండేళ్లకోసారి మళ్లీ వస్తుంది. కాబట్టి పక్కన పెట్టి వేరే లెక్క రాయాలి. 2024 తర్వాత జాతర 2026లోనే. జాతర లేని ఏడాది ఫిబ్రవరి మామూలు మాఘమాసపు పెళ్లిళ్లదే. దానికి 50 వేలు అనుకుందాం (ఇది నా అంచనా, మీ పాత పద్దు చూసి సరిచేయండి). అప్పుడు జాతర లేని ఏడాది ఆదాయం 4,10,000, ఇంటి ఖర్చు 3,36,000, మిగులు 74 వేలు. ఏజెంటు చెప్పిన సిప్ ఏడాదికి 2,40,000. మిగతా 1,66,000 ఎక్కడి నుంచి తెస్తారు?

ఇంకో మాట. ఒక్క ఏడాది పద్దుతో మీ వ్యాపారం మొత్తాన్ని అంచనా కట్టలేం. 2024లో పెళ్లిళ్లు జోరుగా సాగాల్సిన మే, జూన్ మూఢంలో పోయాయి. మేలో వచ్చిన ఆ 22 వేలు కూడా 13వ తేదీ పార్లమెంటు ఎన్నికల సభల పుణ్యమేమో! ఆ వెంటనే ఆషాఢం. మూఢం ప్రతి ఏడూ ఒకే నెలలో రాదు, ఎన్నికలు ప్రతి ఏడూ రావు. అందుకే 2022, 2023 పద్దులు కూడా వెతకండి. 2022 ఫిబ్రవరిలోనూ జాతర జరిగింది కాబట్టి జాతర నుంచి జాతరకు ఇరవై నాలుగు నెలలు పూర్తిగా దొరుకుతాయి. మీ వ్యాపారానికి లెక్క కట్టాల్సిన కాలం పన్నెండు నెలలు కాదు, ఆ ఇరవై నాలుగు.

పదో తరగతి పాఠంలోనే బాహుళకం అని ఇంకోటి ఉంటుంది, ఎక్కువసార్లు వచ్చే అంకె. మీ ఆదాయంలో ఒక్క అంకె కూడా రెండుసార్లు రాలేదు కాబట్టి ఇక్కడ దానికి పని లేదు. కుర్చీలు కొనేటప్పుడు మాత్రం అదే పనికొస్తుంది. ఆర్డర్లు కొన్ని 100 కుర్చీలవి, కొన్ని 300వి అయితే సగటు 200 అని కొంటే చిన్న ఫంక్షనుకు ఎక్కువ, పెద్ద పెళ్లికి తక్కువ. ఎక్కువగా ఏ ఆర్డరు వస్తోందో చూసి కొనండి.

ఇక ఆ 14 శాతం సంగతి. మీ ఏజెంటు అబద్ధం చెప్తున్నాడని నేననను. ఏ సగటో మాత్రం అడగాలి. 2007 చివర షేర్ మార్కెట్ సూచీ సెన్సెక్స్ 20,287. 2008 చివరికి 9,647, అంటే 52.4 శాతం నష్టం. 2009 చివరికి 17,465, అంటే 81 శాతం లాభం. రెండేళ్ల రాబడులు కూడి రెండుతో భాగిస్తే ఏడాదికి 14.3 శాతం! కాగితం మీద కళకళలాడుతోంది. కానీ 2007 చివర సూచీలో లక్ష పెట్టినవాడికి 2009 చివర మిగిలింది, డివిడెండ్లు వదిలేస్తే, సుమారు 86 వేలు. సగం పోయినదాన్ని మళ్లీ నిలబెట్టాలంటే మిగిలిన సగం రెట్టింపు కావాలి, 81 శాతం దానికి చాలదు. అందుకే రాబడులకు మామూలు సగటు పనికిరాదు. ఏటా చక్రవడ్డీ లెక్కన ఎంత పెరిగిందో చెప్పే సీఏజీఆర్ అడగండి. ఈ రెండేళ్లకు అది ఏడాదికి మైనస్ 7.2 శాతం.

సీఏజీఆర్ కూడా ఏ తేదీ నుంచి ఏ తేదీకి అన్నదాన్ని బట్టి మారిపోతుంది. మార్కెట్ పడిపోయిన రోజు మొదలుపెట్టి కడితే ఏ ఫండైనా బంగారమే. అందుకే ‘అయిదేళ్ల రోలింగ్ రిటర్న్స్‌లో (ఏ రోజు మొదలుపెడితే అయిదేళ్లకు ఎంత వచ్చిందో చూపే రాబడుల్లో) అన్నిటికంటే తక్కువ ఎంత, మధ్యగతం ఎంత’ అని అడగండి. వెంటనే చెప్పగలిగితే ఆ ఏజెంటు పని తెలిసినవాడే. ఫండు సంస్థ నెలనెలా ఇచ్చే ఫ్యాక్ట్‌షీటులో ప్రామాణిక విచలనం కూడా ఉంటుంది, అదే రకం ఫండ్లతో మాత్రమే దాన్ని పోల్చండి.

మీ డబ్బు విషయానికి వస్తే, ఆ లక్షన్నర ఈక్విటీలో వేయకండి. 2024లో జనవరి, మే, జూన్, జులై, డిసెంబరు, ఈ అయిదు నెలల్లో ఆదాయం ఇంటి ఖర్చుకు చాల్లేదు. లోటు మొత్తం 52 వేలు, అందులో 40 వేలు మే నుంచి జులై దాకా వరుసగా పడింది. సరిగ్గా బాబు ఇంటర్ ఫీజు కట్టాల్సిన రోజుల్లోనే. కాబట్టి లోటుకు దాదాపు రెండింతలు, అంటే లక్ష రూపాయలు, ఆటో స్వీప్ (మిగులు డబ్బు దానంతటదే ఎఫ్‌డీలోకి వెళ్లే సదుపాయం) ఉన్న ఖాతాలోనో చిన్న చిన్న ఎఫ్‌డీలుగానో ఉంచండి. మిగతా 50 వేలు ఫీజుకని జూన్‌కు చేతికొచ్చే ఎఫ్‌డీ చేయండి. ఒక బ్యాంకులో 5 లక్షల దాకా డిపాజిట్ బీమా ఉంది, మీకు ఆ భయం అక్కర్లేదు.

సిప్ నెలకు 4 వేలతో మొదలుపెట్టండి. నేను అనుకున్న ఫిబ్రవరి 50 వేలు కాక 35 వేలే వచ్చినా ఏడాది మిగులు 59 వేలు ఉంటుంది, 48 వేల సిప్ అందులోనే సర్దుకుంటుంది. నవంబరు లాంటి నెలల్లో పైన మిగిలింది ముందు ఆ లక్ష తగ్గిందేమో చూసి నింపండి, తర్వాతే అదే ఫండులో విడిగా వేయండి. వాయిదా కట్ అయ్యేది ఆ లక్ష ఉన్న ఖాతా నుంచే పెట్టుకోండి. జులైలో ఖాతా ఖాళీగా ఉండి వాయిదా వెనక్కి పోతే బ్యాంకు చార్జీ వేస్తుంది. 2022, 2023 పద్దులు దొరికితే పంపండి, 4 వేలను పెంచాలో తగ్గించాలో అవి చూసి చెప్తాను.