పేస్‌మేకర్ ఉన్నా గుండె ఎంఆర్‌ఐ: కార్డు చూపినా స్కాన్ సెంటర్ ఎందుకు తిప్పి పంపింది?

పేస్‌మేకర్ ఉన్న మీ నాన్నగారు గుండె ఎంఆర్‌ఐకి వెళితే, పేస్‌మేకర్ కార్డు మీద ఎంఆర్‌ఐకి అనుకూలమని రాసి ఉన్నా హనుమకొండ స్కాన్ సెంటర్‌వారు ఎందుకు తిప్పి పంపారని అడిగారు. కారణం, బహుశా ఆ కార్డులో లీడ్ల (పేస్‌మేకర్ నుంచి గుండెలోకి వెళ్లే తీగల) వివరాలు లేకపోవడమే.

ఎంఆర్‌ఐ అనుమతి పేస్‌మేకర్ పెట్టె (బ్యాటరీ ఉండే భాగం) ఒక్కదానికి కాదు. పెట్టె, గుండెలోకి వెళ్లే లీడ్లు కలిపి ఒకే జతగా ఇస్తారు. మీరు చెప్పినట్లు 2019లో బ్యాటరీ అయిపోయి పెట్టె మార్చారు కనుక, లీడ్లు మొదటిసారి వేసినవే అయి ఉండవచ్చు. అందరూ పట్టించుకోకుండా వదిలేసేది ఇదే.

1. మొదటి ఆపరేషన్ చేసిన ఆసుపత్రి రికార్డు సెక్షన్‌లో ప్రతి లీడ్ మోడల్ నంబరు, పొడవు రాయించుకోండి. సాధారణంగా ఆ స్టిక్కర్లు కేస్ షీట్‌కే అంటించి ఉంటాయి.

2. ఛాతీ ఎక్స్‌రే తీయించండి. వాడకుండా లోపలే వదిలేసిన లీడ్ ఉంటే అందులో కనబడుతుంది. స్కానర్ రేడియో తరంగాలకు దాని కొన వేడెక్కే ప్రమాదం ఉన్నందున ఆ సంగతి ముందే చెప్పాలి.

3. స్కాన్‌కు ముందు పేస్‌మేకర్‌ను ఎంఆర్‌ఐ మోడ్‌లో పెట్టి, అయ్యాక పాత సెట్టింగులకు మార్చే మనిషి ప్రోగ్రామర్‌తో (ఆ సెట్టింగులు మార్చే పరికరంతో) అక్కడ ఉండాలి. ఇది కార్డియాలజిస్టు ద్వారానే కుదురుతుంది.

పెట్టె, లీడ్లు అనుమతి ఉన్న జత కాకపోయినా దారి పూర్తిగా మూసుకుపోదు. అనుభవమున్న పెద్ద కేంద్రాల్లో లాభనష్టాలు బేరీజు వేసి, సాధారణంగా 1.5 టెస్లా (అయస్కాంత బలానికి కొలత) యంత్రంపై, ఈసీజీ గమనిస్తూ చేస్తారు. స్కాన్ చిత్రంలో ఎడమవైపు పెట్టె నీడ గుండె ముందుగోడపై పడవచ్చు కనుక, ఆ నీడను తగ్గించే వైడ్‌బ్యాండ్ పద్ధతి ఉందా అని అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగండి.