ఎర్ర ఇంకుతో ‘ఆధారం ఏది?’

ప్రశ్న: మా బిడ్డ తొమ్మిదో తరగతి. బాగా చదువుతుంది. కానీ సాంఘికశాస్త్రంలో నాలుగు వాక్యాల ప్రశ్నకు పేజీన్నర రాసి, సగం మార్కులతో వస్తోంది. టీచర్ ప్రతిసారీ పక్కన ‘ఆధారం ఏది?’ అని ఎర్ర ఇంకుతో రాస్తున్నారు. దానికేమో కలెక్టర్ కావాలని ఉంది. ఇంకా ఎక్కువ రాయమని చెప్పాలా, ట్యూషన్ పెట్టించాలా? మాది నర్సంపేట దగ్గర పల్లె. పత్తి రైతులం.

జవాబు: అమ్మా, ట్యూషన్ వద్దు. ఎక్కువ రాయమని అసలే చెప్పకండి. ఆ టీచర్ అడిగే ప్రశ్న మీ బిడ్డకు ఎంతో మేలు చేసేది.

మీకు తెలిసిన సంగతితోనే చెబుతాను. పత్తి బాగా ఆరిందని పదిసార్లు చెప్పినా, మద్దతు ధరకు పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ కేంద్రంలో నమ్మరు, తేమ మిషన్ పెట్టి చూస్తారు. తేమ 8 శాతం లోపుంటే పూర్తి మద్దతు ధర, 12 దాకా ధరలో కోత, అది దాటితే పత్తి వెనక్కి. ‘బాగా ఆరింది’ అన్నది మీ మాట. మిషన్ చూపిన అంకె ఆధారం. ‘8 లోపే ఉంది కాబట్టి పూర్తి ధర ఇవ్వాలి’ అన్నది ఆ రెండింటినీ కలిపే ముడి. చిన్న జవాబులో ఉండాల్సింది ఈ మూడే. పిల్లలు చాలామంది మొదటిదాన్నే నాలుగు తీర్లుగా తిప్పి రాస్తారు. తెలివైన పిల్లలు ఆధారం కూడా ఇస్తారు, ముడి మాత్రం మరిచిపోతారు. నా దగ్గరికి వచ్చే పేపర్లలో మార్కులు ఎక్కువగా పోయేది అక్కడే.

‘రుద్రమదేవి ఎప్పుడు మరణించింది? ఎట్లా చెప్పగలం?’ అనే ప్రశ్న తీసుకోండి. ఓరుగల్లు పిల్లలకు ఆమె అంటే ప్రాణం. అందుకే వీరనారి అని, గొప్ప పాలకురాలని అర పేజీ పొగుడుతారు. అడిగింది అది కాదు. ఇట్లా రాస్తే చాలు:

‘రుద్రమదేవి 1289 నవంబరు 27 నాటికి మరణించింది. ఆ తేదీతో నల్లగొండ జిల్లా చందుపట్లలో ఉన్న శాసనం, ఆమె, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరిన సందర్భంగా పువ్వుల ముమ్మడి అనే వ్యక్తి వారి పుణ్యం కోసం భూమి దానం చేసినట్టు చెబుతోంది. శివలోకం చేరడమంటే మరణించడమే కాబట్టి, అప్పటికే ఆమె లేదని తెలుస్తోంది.’

మూడే వాక్యాలు. ఇందులో ‘నాటికి’ అన్న మాట మీ బిడ్డకు చూపించండి. ఆ రోజే పోయిందని రాస్తే తప్పు, ఎందుకంటే అది దానం చేసిన తేదీ. తిరుగుబాటు చేసిన సామంతుడు అంబదేవుడితో యుద్ధంలో చనిపోయిందని కూడా చాలామంది రాస్తారు. అది చరిత్రకారులు ఇతర సంగతులతో కలిపి చేసిన ఊహ. రాయొచ్చు, కానీ ‘చరిత్రకారుల అభిప్రాయం’ అని చెప్పి రాయాలి. ఆధారం ఎంతవరకు చెబుతుందో అంతవరకే నడవడం ఈ వయసులో అలవాటైతే, అంతకన్నా పెద్ద చదువు లేదని నేను నమ్ముతాను.

సైన్సుకూ ఇదే పద్ధతి. రామప్ప గుడి శిఖరపు ఇటుక నీళ్లలో ఎందుకు తేలుతుందంటే, ‘మన పూర్వీకుల నైపుణ్యం’ అని రాస్తే మార్కు రాదు. ఇటుకలో సన్నని రంధ్రాలు ఉన్నాయని, దాని సాంద్రత నీటికన్నా తక్కువని, కాబట్టి తేలుతుందని రాయాలి.

ఇంట్లో మీరు చేయాల్సింది తక్కువే. రోజూ రాత్రి ఒక్క ప్రశ్నకు జవాబు రాయించండి. అది చదివి వినిపించాక ‘ఎట్ల చెప్తవ్ బిడ్డా?’ అని అడగండి. అందుకు మీకు పాఠం తెలిసి ఉండనక్కర్లేదు. జవాబు ఆ కాగితం మీదే దొరకాలి. దొరక్కపోతే మళ్లీ రాయాలి. ‘గొప్ప’, ‘అద్భుతం’, ‘ఎంతో’ లాంటి మాటలు కొట్టేయమనండి.

కలెక్టర్ కావాలన్న కోరికకూ ఇది నేరుగా పనికొస్తుంది. కలెక్టర్ కావడానికి రాసే యూపీఎస్సీ మెయిన్స్ పరీక్షలో మొదటి మూడు జనరల్ స్టడీస్ పేపర్లకు ఒక్కోదానికి మూడు గంటల్లో 20 ప్రశ్నలు. 10 మార్కుల దానికి 150 పదాలు, 15 మార్కుల దానికి 250. సగటున ఒక్కో ప్రశ్నకు తొమ్మిది నిమిషాలే. పేజీన్నర పొగడ్తకు అక్కడ చోటు లేదు. రేపు మనసు మారి లాయరో, ల్యాబులో పరిశోధకురాలో అయినా ఈ రాతే కావాలి.

మొదటి పది రోజులు విసుక్కుంటుంది, కొద్దిగా రాస్తే మార్కులు పోతాయని భయపడుతుంది కూడా. ఆపేయకండి. వచ్చే ఎఫ్‌ఏ (బడిలో మధ్యమధ్య పెట్టే చిన్న పరీక్ష) పేపర్ ఇంటికి తెచ్చినప్పుడు మార్కులు చూసేముందు, ఆ ఎర్ర ఇంకు ఎన్నిచోట్ల తగ్గిందో ఇద్దరూ కూర్చుని లెక్కపెట్టండి.