చాక్లెట్ మోదకాల లాంటి కొత్త రకం స్వీట్లు పండగని వ్యాపారం చేసేశాయంటారా?

చేశాయనే అంటాను. డిగ్రీ అయ్యాక రాజమండ్రిలో ఒక స్వీట్ షాపులో రెండేళ్ళు పనిచేశాను. పేరు వద్దులెండి.

చేరిన ఏడాది వినాయక చవితి ముందు ఓనరు గారిని అడిగాను, "ఉండ్రాళ్ళు కూడా పెడితే అమ్ముడుపోతాయి కదండీ?" అని. ఆయన నవ్వి, "సాయంత్రానికి గట్టిపడతాయి, మర్నాటికి పులుస్తాయి. మిగిలితే నువ్వు తింటావా?" అన్నారు.

సంగతంతా ఆ మాటలోనే ఉంది. ఉండ్రాళ్ళంటే బియ్యపు రవ్వ, గుప్పెడు శనగపప్పు, ఉప్పు. ఉడికించి, ఉండ చేసి, ఆవిరి పట్టించడమే. ఖర్చూ లేదు, నిలవా ఉండవు. కోవా మోదకమైతే ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఆగుతుంది, చాక్లెట్ పూత వేస్తే డబ్బాలో సర్ది కొరియర్ కూడా చేయొచ్చు. అందుకే మా వైపు చవితికి ఉండ్రాళ్ళు, కుడుములు తప్ప ఎరగని ఇళ్ళలోకి మహారాష్ట్ర మోదకం వచ్చి కూర్చుంది. అక్కడ మాత్రం? ఇళ్ళలో చేసే ఉకడీచే మోదక్ బియ్యప్పిండిలో కొబ్బరి, బెల్లం పెట్టి ఆవిరి మీద ఉడికించేది. అదీ ఆ పూట తినేదే. షాపులో అమ్మేది దాని ఆకారం.

ప్లాస్టిక్ అచ్చుకి నెయ్యి రాసి, కింది కన్నంలోంచి కోవా ముద్ద కూరి, బొటనవేలితో అదిమి తెరిస్తే గీతలు గీతలుగా మోదకం వచ్చేస్తుంది. నిమిషానికి నాలుగు తీసేవాణ్ణి. ట్రేలో ఉన్న మామూలు కోవా కంటే కిలోకి వంద పైన ఎక్కువ, అచ్చు ఖరీదన్నమాట! చవితి మర్నాడు మిగిలినవి చిదిపి, కోకో పొడి కలిపి బర్ఫీ కోసేవాళ్ళం. విడి స్వీట్ల ట్రే దగ్గర ఎప్పటిలోగా తినాలో తేదీ పెట్టాలని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020 అక్టోబరు 1 నుంచి నిబంధన తెచ్చింది కదా, ఆ బర్ఫీకి కొత్త తేదీ రాసింది నేనే. ఇప్పటికీ సిగ్గేస్తుంది.

చవితి వెళ్ళిన రెండు వారాలకి ఉండ్రాళ్ళ తద్ది. పేరులోనే ఉండ్రాళ్ళున్న పండగ. ఆ రోజు షాపులో ఒక్క ట్రే కూడా అదనంగా లేదు.

కొత్తదనం మీద నాకు కోపం లేదు. 2023లో జీఐ గుర్తింపు (ఆ ఊరి సరుకని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) వచ్చిన ఆత్రేయపురం పూతరేకుల్లో ఇప్పుడు డ్రైఫ్రూట్స్, చాక్లెట్ కూడా చుడుతున్నారు. ఏం చుట్టినా కాలిన కుండ మీద రేకు తీసే పనితనం అదే. కొనేవాళ్ళనీ తప్పు పట్టను, ఇద్దరూ ఉద్యోగాలకి పరిగెత్తే ఇంట్లో పొద్దున్నే రవ్వ ఎవరు ఉడికిస్తారు?

మొన్న చవితికి హైదరాబాద్ నుంచి అక్క వాళ్ళు వచ్చారు. ఆరేళ్ళ మేనల్లుడు పళ్ళెం చూసి, "ఇవి గణేశుడివి కాదు అమ్మమ్మా, పైన మొన లేదు" అన్నాడు. అమ్మ ఏమీ అనలేదు. ఒక ఉండ్రాయి తీసుకుని పైన రెండు వేళ్ళతో నొక్కి మొన తీసి చేతిలో పెట్టింది. తిన్నాడు. తియ్యగా లేదని సగం వదిలేశాడనుకోండి.