నాన్నగారి షష్టిపూర్తికి వాచీ కొంటున్నారా?

డల్లాస్ వచ్చి రెండేళ్లయిన ఒక అబ్బాయి మొన్న ఫోన్ చేశాడు. "అన్నా, వచ్చే ఏడాది నాన్నకు షష్టిపూర్తి. తన కోసం ఒక్క ఖరీదైన వస్తువు కొనుక్కున్న మనిషి కాదు. ఇక్కడి నుంచి మంచి స్విస్ వాచీ పట్టుకెళ్దామని ఉంది. ఐదు వేల డాలర్ల లోపు ఏది బాగుంటుంది?" అని అడిగాడు.

2018లో ఇదే ఆలోచన నాకూ వచ్చింది. అప్పుడు నాకెవరైనా నాలుగు మాటలు చెప్పి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మా నాన్నగారు తెనాలి దగ్గర హైస్కూల్లో లెక్కల మాస్టారు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆయన చేతికి ఆల్విన్ వాచీయే ఉండేది. హైదరాబాద్ ఆల్విన్ వాళ్లు జపాన్ సీకో సహకారంతో చేసిన వాచీలు అవి. రోజూ పొద్దున్నే కాఫీ తాగి, గ్లాసు పక్కన పెట్టి, కీ ఇచ్చుకుని చేతికి కట్టుకునేవారు. అలాంటి మనిషికి నేను 1,900 డాలర్లు పెట్టి స్విస్ ఆటోమేటిక్ కొన్నాను. పెద్ద డయల్, మంచి తోలు పట్టీ. పీటల మీద కూర్చున్నప్పుడు నేనే చేతికి తొడిగాను. ఆయన కళ్లు చెమర్చాయి, నాకూ అంతే.

నాలుగు నెలల తర్వాత అమ్మ ఫోన్‌లో మెల్లగా చెప్పింది. వాచీ ఆగిపోయిందట. తనే ఏదో పాడుచేశానని నాన్న బాధపడుతున్నారట. అంత డబ్బు పెట్టి కొన్నది పాడుచేశానని నాకు ఎలా చెప్పాలో తెలియక, బీరువాలో పెట్టి మళ్లీ పాత ఆల్విన్ కట్టుకుంటున్నారట. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

నిజానికి ఆ వాచీకి ఏమీ కాలేదు. ఆటోమేటిక్ వాచీ లోపల అర్ధచంద్రాకారంలో ఒక బరువు ఉంటుంది, దాన్ని రోటర్ అంటారు. మన చెయ్యి ఆడినప్పుడల్లా అది తిరిగి స్ప్రింగును బిగిస్తుంది. చేతి నుంచి తీసి పక్కన పెడితే చాలా మోడళ్లు 40 గంటలకు అటూ ఇటూగా ఆగిపోతాయి. కొత్తవాటిలో కొన్ని 70, 80 గంటలు కూడా నడుస్తాయి. ఆఫీసుకు వెళ్లి రోజంతా తిరిగే మనకు ఇది ఇబ్బంది కాదు. రిటైరై ఇంటి పట్టున ఉంటూ, కొత్త వాచీ కదా అని పెళ్లిళ్లకు మాత్రమే కట్టుకునే పెద్దాయనకు అది ప్రతిసారీ ఆగిపోయే కనిపిస్తుంది. వాచీ పక్కన ఉండే కీని (దాన్నే కిరీటం అంటారు) ఒక పాతిక, ముప్ఫై చుట్లు తిప్పి, టైమ్ పెట్టుకుంటే చాలని నేను ముందే చెప్పి ఉండాల్సింది. పెట్టెలో ఇంగ్లీషు పుస్తకం ఉంది కదా అనుకున్నాను.

కాబట్టి బ్రాండ్ సంగతి తర్వాత, ముందు ఆ చేతిని గుర్తు తెచ్చుకోండి. ఆ చెయ్యి రోజంతా ఏం చేస్తుంది? మీ నాన్నగారికి కీ ఇచ్చే అలవాటు ఉంటే, చేత్తో తిప్పే మెకానికల్ వాచీ ఆయనకు పాత స్నేహితుడిలా ఉంటుంది. రోజూ కట్టుకుని పొలానికో షాపుకో వెళ్లే మనిషైతే ఆటోమేటిక్ సరిపోతుంది. ఏ గొడవా వద్దు, ఎప్పుడు చూసినా సరైన టైమ్ చూపించాలి అంటే బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ తీసుకోండి. బ్యాటరీ వాచీ అంటే చవక అని మనవాళ్లలో ఒక అభిప్రాయం ఉంది, అది తప్పు. సీకో వాళ్ల ఖరీదైన బ్రాండ్ గ్రాండ్ సీకోలో 9ఎఫ్ అనే క్వార్ట్జ్ యంత్రం ఉంది. ఏడాది మొత్తానికి తేడా 10 సెకన్లు అటూ ఇటూ. స్విట్జర్లాండ్‌లో క్రోనోమీటర్ పరీక్ష, అంటే టైమ్ ఎంత కచ్చితంగా చూపిస్తుందో చూసే పరీక్ష, నెగ్గిన మెకానికల్ వాచీకే రోజుకు 4 సెకన్లు వెనక్కు, 6 సెకన్లు ముందుకు పోయే వీలుంది. ఆల్విన్ కట్టిన తరానికి సీకో ఇంటి వాచీ ఇవ్వడంలో నాకైతే ఒక అందం కనిపిస్తుంది.

డయల్ విషయంలో నేను ఇంకో తప్పు చేశాను. మనకు ఇష్టమైన 42 మిల్లీమీటర్ల వాచీ ఆయన సన్నటి మణికట్టు మీద అప్పడంలా కనిపించింది. అమ్మకు ఫోన్ చేసి, నాన్న మణికట్టు చుట్టూ దారం చుట్టి స్కేలుతో కొలిచి చెప్పమనండి. ఆరున్నర అంగుళాల లోపు ఉంటే 36 నుంచి 38 మిల్లీమీటర్ల మధ్య చూడండి. అరవై దాటిన కళ్లకు తెల్లటి డయల్ మీద నల్లటి ముళ్లు ఉంటే మేలు. వెండి రంగు డయల్ మీద వెండి రంగు ముళ్లు షోరూమ్ లైట్ల కింద మెరిసిపోతాయి కానీ, సాయంత్రం వరండాలో కనిపించవు. తోలు పట్టీ మన కోస్తా ఎండల్లో ఒక్క వేసవికే చెమటకు పాడవుతుంది. తోలు కట్టుకుని పూజకు కూర్చోని పెద్దవాళ్లూ ఉంటారు. స్టీలు చైను తీసుకోండి.

తేదీ చూపించే మెకానికల్ వాచీ (చేత్తో తిప్పేదైనా, ఆటోమేటిక్ అయినా) అయితే ఒక జాగ్రత్త చెప్పి తీరాలి. రాత్రి 9 నుంచి తెల్లవారుజామున 3 దాకా తేదీని చేత్తో మార్చకూడదు. ఆ సమయంలో లోపలి పళ్లచక్రాలు తేదీని తిప్పే పనిలో ఉంటాయి. చాలా మోడళ్లలో అప్పుడు బలవంతంగా తిప్పితే పళ్లు విరిగే ప్రమాదం ఉంది. ఈ మాట తెలుగులో ఒక కాగితం మీద రాసి పెట్టెలో పెట్టండి.

ఇక ఎక్కడ కొనాలి అనేది. ఇక్కడ నా అభిప్రాయం చాలా గట్టిది. వాచీ ఇండియాలో ఉండబోతుంటే ఇండియాలోనే కొనండి. నేను పట్టుకెళ్లిన 2018లో సుంకం లేకుండా తీసుకెళ్లే సామాను విలువ 50 వేల రూపాయలు, ఆపై విలువ మీద 38.5 శాతం కట్టాలి. శంషాబాద్‌లో రెడ్ ఛానెల్‌లోకి, అంటే సుంకం కట్టాల్సిన సామాను ఉన్నవాళ్లు వెళ్లే కస్టమ్స్ దారిలోకి, వెళ్లి బిల్లు చూపించి దాదాపు 32 వేలు కట్టాను. నా పరిమితి, మా ఆవిడ పరిమితి కలిపి ఒకే వస్తువుకు వాడుకోవడం కుదరదు. ఈ అంకెలు మారుతూ ఉంటాయి కాబట్టి, ఇక్కడే కొని తీసుకెళ్లాలనుకుంటే టికెట్ బుక్ చేసిన రోజే అప్పటికి అమల్లో ఉన్న నిబంధన చదవండి. "చేతికి పెట్టుకుని గ్రీన్ ఛానెల్‌లో నడిచెయ్, ఎవరడుగుతారు" అనే సలహా మీకు తప్పకుండా వస్తుంది. వినకండి. దొరికితే వాచీ జప్తు చేసి జరిమానా వేయవచ్చు. నాన్న ఎయిర్‌పోర్టు బయట ఎదురుచూస్తుంటే లోపల ఆ టెన్షన్ ఎందుకు?

పైగా లెక్క కూడా మారుతోంది. స్విట్జర్లాండ్ ఉన్న ఎఫ్టా అనే నాలుగు యూరప్ దేశాల వాణిజ్య కూటమితో మన ప్రభుత్వం 2024 మార్చిలో చేసుకున్న ఒప్పందం 2025 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని కింద స్విస్ వాచీల మీద సుంకం దశలవారీగా తగ్గుతుంది. ఇక్కడి ధరకు మీ రాష్ట్రం సేల్స్ టాక్స్ కలపండి, టెక్సాస్‌లో అది 8.25 శాతం దాకా ఉంటుంది. దానిపైన అక్కడ కట్టే సుంకం కలిపి, హైదరాబాద్ షోరూమ్ ధర పక్కన పెట్టి చూడండి. చాలాసార్లు పెద్ద తేడా ఉండదు. ఉన్నా, చైను అక్కడే చేతికి సరిపడా తగ్గించి ఇస్తారు, ఏదైనా తేడా వస్తే బిల్లు పట్టుకుని అదే షాపుకు వెళ్లవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, నాన్నను వెంట తీసుకెళ్లి నాలుగు వాచీలు చేతికి పెట్టి చూడవచ్చు. సర్‌ప్రైజ్ పోతుంది, నిజమే. కానీ ఆ మధ్యాహ్నం ఆయనకు గుర్తుండిపోతుంది. 2 లక్షలు దాటితే పాన్ నంబరు అడుగుతారు, అంత మొత్తం నగదుగా తీసుకోరు. కార్డు సిద్ధంగా ఉంచుకోండి.

ఆన్‌లైన్‌లో సగానికి సగం తగ్గించి అమ్మే దుకాణాలు కనిపిస్తాయి. వాచీ అసలుదే అయినా చాలావాటికి కంపెనీ వారంటీ ఉండదు, ఆ దుకాణం వారంటీయే ఉంటుంది. రిపేరు వస్తే తెనాలి నుంచి అమెరికాకు పార్సిల్ చేయాలి. అధీకృత డీలరు తేదీ వేసి ఇచ్చిన వారంటీ కార్డు లేకుండా ఏదీ తీసుకోకండి. రోలెక్స్ అయితే కంపెనీ ఆన్‌లైన్‌లో కొత్తవి అమ్మనే అమ్మదు.

డబ్బు గురించి కూడా అన్నగా ఒక మాట. హెచ్1బీ వర్క్ వీసా మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి సాధారణంగా ఉండేది 60 రోజులు. ఆరు నెలల ఖర్చు బ్యాంకులో లేకుండా ఐదు వేల డాలర్ల వాచీ వద్దు. వడ్డీ లేని వాయిదాలని స్టోర్ కార్డు ఇస్తే షరతులు చదవండి. చాలావాటిలో గడువు లోపల చివరి డాలరు కట్టకపోతే మొదటి రోజు నుంచి వడ్డీ పడుతుంది. ఐదు వందల డాలర్లకు టిస్సో కూడా దొరుకుతుంది, అదీ స్విస్సే. నాన్నకు తేడా తెలియదని కాదు, కొడుకు అప్పు చేశాడని తెలిస్తే ఆయన ఏ వాచీ కట్టుకోరు.

వెనక పేరు చెక్కించాలంటే అద్దం మూత కాకుండా స్టీలు మూత ఉన్న మోడల్ ఎంచుకోండి. తెలుగు అక్షరాలు లేజర్‌తో చక్కగా వస్తాయి, ఒత్తులు సరిగ్గా ఉన్నాయో లేదో నమూనా చూశాకే ఒప్పుకోండి. అరవై ఏళ్లకు పుట్టిన సంవత్సరం పేరు తిరిగి వస్తుంది కాబట్టి ఆ పేరు రాయించాలని చాలామందికి ఉంటుంది. 1965 ఉగాది తర్వాత పుట్టినవారికి విశ్వావసు, చక్కగా ఉంటుంది. 1966 ఉగాది తర్వాత పుట్టినవారికి పరాభవ. అది మెడలో దండ వేసిన రోజు చేతి మీద ఉండాల్సిన మాట కాదు, జన్మనక్షత్రం పేరు వేయించండి. చెక్కించాక వాపసు తీసుకోరు, అందుకని వాచీ నాలుగు రోజులు నడిపి చూశాకే ఆ పని పెట్టుకోండి.

ఇంకొకటి. షష్టిపూర్తికి పీటల మీద కూర్చునేది ఇద్దరు. నేను నాన్న వాచీ ధ్యాసలో పడి అమ్మకు చీరతో సరిపెట్టాను. ఆమె ఏమీ అనలేదు. మీరు బడ్జెట్ వేసుకునేటప్పుడే రెండు భాగాలు చేసుకోండి.

ఇప్పుడు మా నాన్నగారు పండక్కీ పెళ్లికీ ఆ వాచీ బయటకు తీస్తారు. ముప్ఫై చుట్లు లెక్కపెట్టి మరీ తిప్పి, టీవీలో వార్తల టైమ్‌కు సరిచేసుకుని కట్టుకుంటారు. తోలు పట్టీ ఎప్పుడో పోయింది, స్టీలు చైను వేయించాం. చైను తగ్గించినప్పుడు తీసిన లింకులను షాపువాళ్లు చిన్న కవరులో వేసి ఇస్తారు, పారేయకండి. పెద్దవాళ్ల చేతులు సన్నబడతాయి, ఒక్కోసారి వాస్తాయి కూడా. ఆ కవరును వారంటీ కార్డుతో కలిపి అమ్మ చేతికి ఇచ్చి, ఏ డబ్బాలో పెట్టిందో మీరూ రాసుకోండి.