జాలిగుండె అమ్మాయి ఎస్సై కావచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి సోషియాలజీతో బీఏ పూర్తి చేసింది. వయసు 21. ఎస్సై పరీక్ష రాస్తానంటోంది. ఆడవాళ్ల కేసులు, చిన్నపిల్లల కేసులు చూడాలని దాని కోరిక. కానీ చాలా మెత్తని మనసు. పక్కింట్లో పిల్లను కొడితే మా ఇంట్లో ఇది ఏడుస్తుంది. స్టేషన్‌లో నెగ్గుకొస్తుందా అని మాకు టెన్షన్‌గా ఉంది. 1.8 లక్షలు కట్టి ఆన్‌లైన్‌లో ఫోరెన్సిక్ సైకాలజీ డిప్లొమా చేయిస్తే, యూనిఫాం బాధ లేకుండా నేరుగా పోలీసు శాఖలో కౌన్సెలర్‌గా తీసుకుంటారని మా బంధువు ఒకాయన చెబుతున్నారు. ఎమ్మెస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) కూడా మంచిదే అంటున్నారు. మూడింటినీ పోల్చి చెప్పండి.
– ఒక తండ్రి, నల్గొండ జిల్లా

జవాబు: మీ ఉత్తరంలో మూడు దారులున్నాయి కానీ అడిగింది మాత్రం ఒకటే. ‘మా పిల్ల అక్కడ నలిగిపోతుందా?’ పోలీసు నోటిఫికేషన్ వస్తుందన్న మాట వినిపించినప్పుడల్లా ఇదే ప్రశ్న నాకు వస్తుంది. కొందరు ఎత్తు గురించి అడుగుతారు, కొందరు నైట్ డ్యూటీల గురించి, కొందరు పెళ్లి సంబంధాల గురించి. రెండు నిమిషాలు మాట్లాడితే అందరి భయమూ ఇదేనని తెలుస్తుంది. కాబట్టి ముందు దీనికి జవాబు చెబుతాను.

మెత్తని మనసు పోలీసు ఉద్యోగానికి పనికిరాదని మీకు ఎవరు చెప్పారో గానీ, చట్టం అలా చెప్పడం లేదు. 2012 నాటి పోక్సో చట్టం 24వ సెక్షన్ చూడండి. లైంగిక దాడికి గురైన పిల్లల వాంగ్మూలాన్ని వాళ్లింట్లోనో, వాళ్లు కోరుకున్న చోటనో తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారే తీసుకోవాలి. ఆ సమయంలో ఆమె యూనిఫాంలో ఉండకూడదు. ఏ కారణంతోనూ పిల్లలను రాత్రిపూట స్టేషన్‌లో ఉంచకూడదు. 2015 నాటి బాలల న్యాయ చట్టమైతే ప్రతి స్టేషన్‌లోనూ ఏఎస్సై స్థాయికి తగ్గని ఒకరిని బాలల సంక్షేమ పోలీసు అధికారిగా పెట్టమంటుంది. ఆ అధికారికి పిల్లల విషయంలో ఆసక్తి, తగిన శిక్షణ ఉండాలని కూడా రాసింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద వచ్చే కేసులను డీఎస్పీ స్థాయికి తగ్గని వారే దర్యాప్తు చేయాలి. ఆ అధికారిని ఎంచుకునేటప్పుడు అనుభవంతో పాటు న్యాయదృష్టిని కూడా చూడాలని 1995 నాటి నిబంధనలు చెబుతున్నాయి. మతి స్థిమితం లేక రోడ్ల మీద తిరిగేవాళ్లను లాకప్‌లో పెట్టకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆదేశిస్తోంది. వీటన్నిటికీ లాఠీ పట్టే చెయ్యి ఒక్కటే చాలదు, అవతలివాళ్ల బాధ అర్థమయ్యే మనిషి కావాలి.

నా దగ్గర చదువుకుని ఎస్సై అయిన ఒక అమ్మాయి చెప్పిన సంగతి ఇది. తొమ్మిదేళ్ల పాప వాంగ్మూలం తీసుకోవాలి. మామూలు చుడీదార్‌లో ఆ ఇంటికి వెళ్లింది. పాప గుమ్మం వెనకే ఉండిపోయింది. వసారాలో నాయనమ్మ చిక్కుడుకాయలు వలుస్తోంది. ఈ అమ్మాయి కూడా చాపమీద కూర్చుని ఈనెలు తీయడం మొదలుపెట్టింది. గంట గడిచింది. చేటలో కాయలు అయిపోవచ్చాయి. అప్పుడు పాప వచ్చి పక్కన కూర్చుని, తమ కోడిపెట్ట ఎక్కడ గుడ్లు పెడుతుందో చెప్పింది. అసలు విషయం ఆ తర్వాత వచ్చింది. ఆ రోజు స్టేషన్‌కు తిరిగొచ్చి బాత్రూంలో పది నిమిషాలు ఏడ్చానని, ముఖం కడుక్కుని వచ్చి కేసు డైరీ రాశానని ఆ అమ్మాయి నాతో అంది. ఆమె డిగ్రీ ఫస్టియర్‌లో ఉన్నప్పుడు వాళ్ల నాన్నగారూ మీలాగే ‘ఇది మెత్తన’ అని నా దగ్గరికి తీసుకొచ్చారు.

ఇక నా బాధ చెబుతాను. చట్టం ఇంత అడుగుతున్నా, ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు మనం అడుగుతున్నది తక్కువ. సివిల్ ఎస్సైకి ఏ డిగ్రీ అయినా చాలు, కానిస్టేబుల్‌కు ఇంటర్ చాలు. తెలంగాణ ఎస్సై జనరల్ స్టడీస్ సిలబస్‌లో నైతికత, స్త్రీల పట్ల, బలహీన వర్గాల పట్ల సున్నితత్వం, సామాజిక అవగాహన అనే అంశాలను చేర్చారు. చేర్చడం మంచిదే. కానీ నాలుగు ఆప్షన్లలో సరైనది గుర్తించినంత మాత్రాన ఆ గుణం ఉన్నట్టు కాదు. కోచింగ్‌లో నెల రోజుల్లో బట్టీ పట్టించవచ్చు. ఎంపికయ్యాక హిమాయత్‌సాగర్ దగ్గరున్న పోలీసు అకాడమీలో ఎస్సైలకు దాదాపు ఏడాది శిక్షణ ఉంటుంది. పరేడ్, ఆయుధాలు, 2024 జులై 1న అమల్లోకి వచ్చిన కొత్త క్రిమినల్ చట్టాలు, దర్యాప్తు, సైబర్ నేరాలు అన్నీ ఆ ఏడాదిలోనే పట్టాలి. స్త్రీలు, పిల్లలు, దళితులు, ట్రాన్స్‌జెండర్ల విషయాలకు క్లాసులు ఉంటాయి. అవి చాలవని నా అభిప్రాయం. పోలీసులకు ఎప్పటికప్పుడు శిక్షణ ఇవ్వాలని 2005 నాటి గృహహింస చట్టం 11వ సెక్షన్, పోక్సో 43వ సెక్షన్ ప్రభుత్వాలకు చెప్పాయి. ఎప్పటికప్పుడు అని చట్టం ఎందుకు రాసిందంటే, అకాడమీలో విన్నది ఐదేళ్ల బందోబస్తు డ్యూటీల్లో అరిగిపోతుంది కాబట్టి.

ఇది నేను కళ్లారా చూశాను. కొన్నేళ్ల కిందట నా విద్యార్థిని ఒకరి తల్లి, తన భర్త కొట్టాడని ఫిర్యాదు చేయడానికి వెళుతుంటే తోడు వెళ్లాను. ఆ స్టేషన్‌లో మొదట ‘ఇది మా పరిధి కాదమ్మా’ అన్నారు. తర్వాత ‘ఇంటికెళ్లి సర్దుకోండి’ అన్నారు. ఆమె చెంప మీద వేళ్ల అచ్చులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. విచారణార్హమైన నేరం (కోర్టు అనుమతి లేకుండానే పోలీసులు దర్యాప్తు చేయగలది) అయితే ఎఫ్ఐఆర్ నమోదు చేసి తీరాలని సుప్రీంకోర్టు 2013లోనే లలితాకుమారి కేసులో చెప్పింది. పరిధి కాకపోయినా ‘జీరో ఎఫ్ఐఆర్’ కట్టి, పరిధి ఉన్న స్టేషన్‌కు పంపవచ్చు. అది అక్కడ ఉన్నవాళ్లకు తెలియక కాదు. ఆ రోజు ఆ బల్ల వెనక మీ అమ్మాయిలాంటి మనిషి ఒకరు ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. ‘పక్కింటి పిల్లను కొడితే ఏడుస్తుంది’ అని మీరు లోపంగా రాశారు. నేను దాన్ని ఆమె బయోడేటాలో మొదటి లైనుగా చదివాను.

ఇప్పుడు ఆ డిప్లొమా సంగతి. ఈమధ్య ఫోరెన్సిక్ సైకాలజీ (నేరాలు, న్యాయ వ్యవహారాల్లో మనస్తత్వ శాస్త్రాన్ని వాడటం), క్రిమినల్ ప్రొఫైలింగ్ (నేరం తీరును బట్టి నేరస్తుడి స్వభావాన్ని అంచనా వేయడం) అన్న పేర్లు పిల్లల నోట బాగా వినిపిస్తున్నాయి. వెబ్ సిరీస్‌లలో చూసి వస్తున్నారు. ఆ శాస్త్రం నిజమైనదే, అందులో నిజంగా చదివినవాళ్లూ ఉన్నారు. గుజరాత్‌లోని నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ లాంటి చోట చేరి, సైకాలజీలో పీజీ దాకా వెళ్లేవాళ్ల గురించి నేను మాట్లాడటం లేదు. మీ బంధువు చెప్పింది ఏడాదిపాటు రికార్డు చేసిన వీడియోలు చూసి సర్టిఫికెట్ తెచ్చుకునే కోర్సు అయితే, దాని మీద నాకు నమ్మకం లేదు. ఎస్సై ఎంపికలో దానికి ఒక్క మార్కు కూడా కలవదు. క్లినికల్ సైకాలజిస్టుగా ప్రాక్టీస్ చేయాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తించిన చదువు, ఆ కౌన్సిల్ రిజిస్టర్‌లో నమోదు ఉండాలి. ఈ డిప్లొమాతో అది రాదు. హింసకు గురైన స్త్రీలకు, పిల్లలకు సాయం చేయడానికి హైదరాబాద్‌లో 2016లో మొదలైన భరోసా కేంద్రం లాంటి చోట్ల కౌన్సెలర్లు ఉన్నమాట నిజం. బాధిత మహిళలను ఆదుకునే సఖి కేంద్రాల్లోనూ ఉన్నారు. వాళ్లను ఎక్కువగా కాంట్రాక్టు పద్ధతిలో తీసుకుంటారు. ఎమ్మెస్‌డబ్ల్యూ, సైకాలజీ పీజీ, అనుభవం చూస్తారు. ‘నేరుగా పోలీసు శాఖలోకి’ అని ఎవరైనా చెబితే, ఏ నోటిఫికేషన్ ద్వారా తీసుకుంటారో చూపించమని అడగండి. ఆ కాగితం చూపించలేని కోర్సుకు రూపాయి కూడా కట్టనక్కర్లేదు.

మీరు చేయించాలనుకున్న కోర్సుకు, మీ అమ్మాయి చేయాలనుకున్న పనికి మధ్య తేడా కూడా చూడండి. ఆమె బాధితుల దగ్గరికి వెళ్లాలనుకుంటోంది. మీరు ఆమెను గది తలుపు వేసుకుని స్క్రీన్ ముందు కూర్చోబెట్టాలనుకుంటున్నారు. ఉత్తరం రెండు పేజీలు రాశారు. బంధువు ఏమన్నాడో రాశారు, మీకు ఎంత టెన్షన్‌గా ఉందో రాశారు. ఆమె ఏమందో మాత్రం ‘ఎస్సై పరీక్ష రాస్తానంటోంది’, ‘కోరిక’ అన్న రెండు ముక్కలకు మించి లేదు. ఇది సరికాదు. 21 ఏళ్ల పిల్ల ఇంత స్పష్టంగా ఏం చేయాలో చెబుతుంటే, ఆమె మెత్తదనం పేరు చెప్పి మీ భయాన్ని మీరు దాచుకుంటున్నారు. మీ భయం తప్పని అనను. ఆడపిల్ల రాత్రి డ్యూటీలో ఉంటే ఏ తండ్రికీ నిద్ర పట్టదు. ఆ మాటే ఆమెతో చెప్పండి. ‘నువ్వు పనికిరావు’ అని మాత్రం అనకండి. ఆమె ఒంటరి కూడా కాదు. 2024 సెప్టెంబరులో హిమాయత్‌సాగర్ అకాడమీ నుంచి శిక్షణ ముగించుకుని బయటికొచ్చిన 547 మంది ఎస్సైలలో 145 మంది అమ్మాయిలే.

పోలిక అడిగారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. ఎస్సైకి వయసు ముఖ్యం. తెలంగాణలో మామూలు పరిమితి 25 ఏళ్లు, సడలింపులు వర్గాన్ని బట్టి, నోటిఫికేషన్‌ను బట్టి మారతాయి. ఎమ్మెస్‌డబ్ల్యూకు అలాంటి గడువు లేదు. అందుకే ముందు ఎస్సైకి చదవనివ్వండి. నోటిఫికేషన్ ఆలస్యమైతే ఊరికే కూర్చోకుండా ఉస్మానియాలోనో, మరో యూనివర్సిటీలోనో ఎమ్మెస్‌డబ్ల్యూలో చేరవచ్చు. రెండేళ్లూ ఫీల్డ్ వర్క్ ఉంటుంది కాబట్టి ఆ చదువు ఎటూ వృథా పోదు. ఎస్సై అయితే పనికొస్తుంది, కాకపోతే వేరే దారులు తెరుస్తుంది. జిల్లాల్లోని ప్రత్యేక బాలల పోలీసు విభాగాల్లో పిల్లల సంక్షేమంలో అనుభవమున్న ఇద్దరు సోషల్ వర్కర్లు ఉండాలని, వారిలో ఒకరు మహిళ కావాలని బాలల న్యాయ చట్టమే చెబుతోంది. జీతం తక్కువ, కాంట్రాక్టు బాధ ఉంది, అది మీరు ముందే తెలుసుకోవాలి.

పుస్తకాలు మొదలుపెట్టేముందు ఒక పని చేయించండి. మీ జిల్లాలోని సఖి కేంద్రానికో, బాలల సంరక్షణ విభాగానికో ఆమెను వెంట తీసుకెళ్లి, నెల రోజులు వాలంటీర్‌గా పనిచేసే వీలుందా అని అడగండి. సాయంత్రం ఇంటికొచ్చాక ఆమె ఏం చెబుతుందో కూర్చుని వినండి. కొన్ని రోజులు ఏడుస్తూ కూడా వస్తుంది, కంగారుపడకండి. మర్నాడు పొద్దున మళ్లీ బయల్దేరుతుందా లేదా అన్నది చూడండి చాలు. బంధువుకు డబ్బు ఇంకా ఇవ్వలేదనుకుంటాను. ఇవ్వకండి.